గరిటెడు పొద్దు

మా ఊరు ఉదయగిరి.
పేరులో తప్ప ఇంకెక్కడా ఉదయం లేదు.

కొండ మీద దొరకి ఎండ పడదు,
అందుకని మా మీద కూడా పడకూడదన్నాడు.
ఎన్నేళ్ళయిందో చెప్పేవాళ్ళు లేరు.
లెక్కకి రోజులు కావాల గదా,
రోజంటే పొద్దు పొడవాల గదా.

మబ్బు కాదది, పొగా కాదు.
బోర్లించిన కుండ లోపలుండే చీకటి.
ఆత్మకూరు దారిన వచ్చే బండివాళ్ళు
కనుమ దాటంగానే లాంతరు వెలిగిస్తారు,
ఎద్దులు మోరెత్తి ఆగిపోతాయి.
అవతల మిట్టమధ్యాహ్నం.
ఇవతల ఆయన రాజ్యం.

అమాసకొక ఇంటి వంతు. శిస్తు మానికల్తో కొలవరు.
తలారి పెంచలయ్య తలుపు తట్టి
గోడకేసి చూస్తా చెయ్యి చాపమంటాడు.
మా మొహాలు చూడ్డం వాడికి చాతగాదు.
వాడి మణికట్టు మీదా ఉన్నాయి
పెసరగింజలంత రెండు మచ్చలు.

చచ్చేంత తాగడు దొర.
అది మంచితనమని మా అత్త అనేది.
పాడావుని ఎవురన్నా కోసుకుంటారా అని నేను.

నేను కాశింబీని. కొయ్య గరిటెలు చేస్తా.
నర్ది కొయ్య, దొరక్కపోతే బిక్కి.
చీకట్లో ఉలి ఎక్కడ ఆగాలో
బొటనవేలు చెబుతుంది.

ఒక రాత్రి (అన్నీ రాత్రులే, ఏదో ఒకటి)
కొట్టు ముందర చలి నిలబడింది.
తలెత్తితే దొర.
పల్లకీ లేదు, దివిటీ లేదు,
నేననుకున్నంత పొడుగు కూడా లేడు.
పాతికేళ్ళ మొహం. దాని మీద ఆరొందల ఏళ్ళు,
చింతపండు జాడీకి ఉప్పు పేరుకున్నట్టు.

“నాకొక గరిటె కావాల.”
నువ్వు తాగేదానికి గరిటెందుకు సామీ అన్నా.
చాలాసేపు పలకలా.
“మాయమ్మ కొయ్య గరిటెతో సంగటి పెట్టేది.
కాలుద్దని ఊదేది.
ఆ ఊదడం గుర్తుంది. రుచి గుర్తులేదు.
ఆమె మొహం అసలే లేదు.”

జాలేసిందని చెబితే కథ బాగుంటది.
వెయ్యలా.
ముగ్గురు పిలకాయల చేతులు చాపించినదాన్ని.
“దుడ్లొద్దు దొరా,
గరిటెకి వెల గరిటెడు పొద్దు.”

కొండ మీద గబ్బిలాలు గూడా ఊపిరి బిగబట్టాయి.

చెక్కేటప్పుడు వేలు తెగింది.
చుక్క కొయ్యలోకి ఇంకింది. తుడవలా.
ఆయన ముక్కుపుటాలు అదిరాయి,
అంతలోనే మొహం పక్కకి తిప్పుకున్నాడు,
ఎంగిలి విస్తరి చూస్తా దొరికిపోయినోడి మాదిరి.

తూర్పు బురుజెక్కి
చీకట్లోకి చెయ్యి పెట్టి,
మజ్జిగలోంచి వెన్న తీసినట్టు తీశాడు.
తోలు కాలే వాసన మా వీధి దాకా వచ్చింది.

గరిటెడే.
ఎర్రగా, పలచగా, అంచున వణుకుతా.
చేతులు మార్చుకుంటా చూసుకున్నాం.
జిలానీ కొడుకు ఐదేళ్ళోడు
ఇది తినేదా అన్నాడు.
నా కోడలు మొగుడి మొహం చూసి
నువ్వు ఇట్టుంటావా అని నవ్వి, నవ్వి, ఏడిచింది.
పెంచలయ్య తలుపు తియ్యలా.
నేనే తీసుకుపోయా. గోడకి తిరిగే నిలబడితే
గోడ మీద పడేట్టు పట్టుకున్నా.

మూడు ఆవలింతల సేపుండి
ఆరిపోయింది.

మళ్ళీ అమాసకి వంతు ఆగలా.
ఆగుద్దని ఎవురూ అనుకోలా.
కానీ ఆ రాత్రే కొట్టు ముందర మళ్ళీ చలి.
కుడిచేతికి గుడ్డ చుట్టుకోనున్నాడు.
గరిటె అంచున పంటి గాట్లు,
గుంటలో ఎండి అంటుకున్న సంగటి.

రుచి తెలిసిందా అన్నా.
“వేడి తెలిసింది” అన్నాడు.
కాసేపాగి, కాలితో మట్టి గీకతా,
“ఇంకా పెద్దది చేస్తావా?”

పెరట్లో నర్ది మొద్దొకటి పడుంది,
ఒక్కదాన్నే కొయ్యలేక వదిలేసింది.
రంపం ఒక కొస ఆయన చేతికిచ్చా.
కాలిన చెయ్యి, తెగిన వేలు.
గట్టిగా లాగు దొరా,
తెల్లారేలోపల అయిపోవాల అన్నా.

మా నానీ అనేది ఆ మాట.
అర్థం తెలవకుండానే అంటా ఉండినా ఇన్నాళ్ళూ.