జాలీ గొట్టం

సైలెన్సర్‌ని మేడ మీదికి మోసుకొచ్చాం.
విద్యాధరపురం కొండ మెట్లు ఎనభై రెండు,
పసివాణ్ణి మార్చుకున్నట్టు ఒకరి భుజం నుంచి ఒకరికి.
ఖాజావలి ఆటోనగర్‌లో గ్రైండర్ అడిగి తెచ్చాడు,
ఆరింటికల్లా తిరిగిచ్చే షరతు మీద.
నిప్పురవ్వలు అమ్మ ఎండబెట్టిన వడియాల దాకా ఎగిరాయి.

లోపలేముందో చూడాలని ఎప్పట్నుంచో.
ఉన్నదల్లా మసి,
చేతులంతా దురదపెట్టే గాజుదూది,
దాని నడుమ ఒళ్ళంతా చిల్లులతో జానెడు గొట్టం.
ఇంజను అరుపుని ఇన్నాళ్ళూ
చల్లార్చి పంపింది ఇదేనట.
"ఇది పీకితే పులే" అన్నాడు ఖాజా.
పీకాం.
కొబ్బరినూనె రాసుకుని రాత్రంతా గోక్కున్నాం.

చిట్టినగర్ సొరంగంలో క్లచ్ పట్టి రేజ్ ఇస్తే
గోడలు నన్ను పేరుపెట్టి పిలిచినట్టుంది.
కిరాణా కొట్లో పొట్లాలు కట్టేవాణ్ణి,
"ఒరేయ్" అంటే సరిపోయేది అందరికీ.
రోజూ వెళ్ళాను. పనుండీ, లేకా.

ఆ రాత్రి సొరంగం మధ్యలో ఒక ముసలాయన,
నిమ్మకాయల తోపుడుబండి.
నా చప్పుడుకి ఆయన రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి.
బండి పట్టుకోడానికి మూడో చెయ్యి లేదు.
అక్కడ రోడ్డు వాలుగా ఉంటుందని
నడిచేవాళ్ళకే తెలుసు.
అద్దంలో చూశాను, లైటు కింద పచ్చగా దొర్లుతున్నాయి.
ఆగలేదు.
ఆగలేదని ఖాజాకి కూడా చెప్పలేదు.

మూడోరోజు గొట్టం కోసం వెతికితే
అమ్మ దాన్ని ఇసకేసి తోమి
దేవుడి గూట్లో నిలబెట్టింది.
చిల్లుకొక అగరొత్తి, ముళ్ళపందిలా.
"ఎంత కుదురుగా నిలబడిందో చూడు.
ఇత్తడిది పాతసామాన్లవాడికి వేసేశా."
"అది బండిదమ్మా."
"బండి వద్దనుకుందిగా?"
చివరికి ఇచ్చింది. ఎందుకని అడగలేదు,
కొత్త స్టాండుకి మటుకు డబ్బులడిగింది.

మళ్ళీ కోత, మళ్ళీ అతుకు, మళ్ళీ దురద.
మొదటి కిక్కుకి
చిటికెడు బూడిద ఎగిరింది,
మల్లె అగరొత్తి వాసన. ఖాజా పడీపడీ నవ్వాడు.
అతుకు సరిగ్గా కూర్చోలేదు,
మూడో గేర్‌లో ఇప్పటికీ చిన్న గురక.

అప్పుడప్పుడూ సొరంగం ముందు ఇంజను ఆపేసి
బండి తోసుకుంటూ వెళ్తాను,
వాలు ఎటుందో కాళ్ళతో చూసుకుంటూ.
ఓసారి గోడవార ఒక నిమ్మకాయ కనబడింది,
గోళీలా ఎండిపోయి.
ఆయనదే అయ్యుండక్కర్లేదు.