తట్టి చూసి

కోట దగ్గర బస్సు దిగేసరికి
దాలమ్మత్త చెప్పు తెగింది.
పిన్నీసు గుచ్చి కాలీడ్చుకుంటూనే వచ్చింది.
"పెట్టి కొనడానికి నానెందుకే?" అని దారంతా.
"పెట్టి కాదత్తా, గిటారు."
"అదే. తీగెల పెట్టి."

బెహరా గారి కొట్లో గోడ నిండా గిటార్లు,
ఎండకి వేలాడదీసిన గోగునార కట్టల్లా.
నెల్లిమర్ల మిల్లులో పదకొండేళ్ళు
నార దువ్విన చేతులు నావి.
తీగ నొక్కితే నొప్పి తెలీదు. అదొక్కటే
మిల్లు నాకు ఎగ్గొట్టని బోనసు.

త్రినాథ అనే కుర్రాడు ముందు పెద్దది దించాడు.
వెడల్పాటి భుజాలు, నల్లటి నిగనిగ.
"ఇదైతే కల్యాణ మండపం సివరిదాకా ఇనిపిస్తాది మేడమ్."
ఒళ్ళో పెట్టుకుంటే
ధాన్యం బస్తాని వాటేసుకున్నట్టుంది.
ఒక్క మీటు.
అబ్బో, ఏం గొంతు!
కొట్లో ఉన్న గాలంతా అదే తాగేసింది.

అత్తని పాడమన్నాను.
ఊడుపు పాట. నడుం వంచి పాడేది కాబట్టి
స్టూలు మీద కూర్చుని కూడా కాస్త వంగింది.
పెదాలు కదిలాయి.
నాకు పెదాలే కనిపించాయి.
"లారీ ఎనకాల నడిసినట్టుందే," అంది.

ఆ కుర్రాడికి ఏమని చెప్పను?
మబ్బు పట్టిన మధ్యాహ్నం, మోకాలి లోతు బురద,
పదిమంది ఆడవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ
పాట అందుకోబోయే ముందు
ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరే,
ఆ జాగా ఉన్నది కావాలని?
"కొంచెం మాగిన గొంతుది," అన్నాను.
"పచ్చిగా ఉండకూడదు."
పళ్ళ కొట్టనుకున్నావా అన్నట్టు చూశాడు.

బెహరా గారికి మాత్రం అర్థమైంది.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని
బీరువా పైనుంచి ఒక గుడ్డ సంచి దించారు.
"పిల్లలదనుకుని ఎవరూ అడగరమ్మా."
సన్నటి నడుము, దేవదారు పలక,
పన్నెండో మెట్టు దగ్గరే ఒళ్ళు మొదలు.
అంచున గోరంత చీలిక, అతికిన జిగురు మరక.

"ఇలా తే," అంది అత్త.
సంతలో కుండ కొన్నట్టు
ఎడం చెయ్యి అడుగున పెట్టి
వేలి కణుపుతో తట్టింది. పొట్ట మీద, వీపు మీద,
చీలిక దగ్గర రెండుసార్లు.
చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉంది.
బెహరా గారు ఏదో చెప్పబోయి మానుకున్నారు.
"మంచిగా కాలింది," అంది.

అప్పుడు మీటాను.
చేద నూతి నీళ్ళని తాకి
ఇంకా మునగక ముందు ఒక చప్పుడుంటుంది చూడండి,
అది.
అత్త అందుకుంది.
రెండో చరణంలో, పైకెక్కే చోట
గొంతు చీలింది.

ఇన్నేళ్ళూ నాకు తెలీదు.
పొలంలో తొమ్మిది గొంతులు కప్పేసేవి కదా.
చెయ్యి ఆపేశాను.
గోడ మీది పెద్దదాని వైపు ఒకసారి చూశాను కూడా.
"ఇనపడిందేటి?" అంది అత్త.
"ఊఁ."
"ఇనపడనీ. నువ్వాపకు."

తొమ్మిదిన్నర వేలు.
చీలికకి ఎనిమిది వందలు తగ్గించారు.
"కొత్త తీగెలు ఎక్కించమంటారా?" త్రినాథ అడిగాడు.
వద్దన్నాను. కొత్తవి నాలుగు రోజులు అరుస్తాయి,
ఇవి ఇప్పటికే అలిసి ఉన్నాయి.
మిగిలిన దాంట్లో ఇరవై రూపాయలు
రోడ్డవతల చెప్పు కుట్టే ఆయనకి.

రాజాం బస్సులో
అత్త ఒళ్ళోనే కూర్చుంది సంచి.
ఇంజను అదురుకి లోపల ఏదో తీగ
గుయ్‌మంటూనే ఉంది.
కండక్టరు అటూ ఇటూ చూసి
"ఎవరిదమ్మా ఆ ఫోను?" అన్నాడు.
"మాదే," అంది అత్త,
ఎత్తే ప్రయత్నమేమీ చెయ్యకుండా.