నాలుగు వేళ్ళ సందు

కోపంగా ఉంటే కలం ఎక్కువ కక్కతాది.
ఈ మాట నాకు ఎవురూ చెప్పలేదు,
వెదురుపుల్లకి చుట్టిన ఉన్ని చెప్పింది.
వేలు బిగిసేకొద్దీ నలుపు కారతాది,
తీగ గియ్యబోతే తాడవతాది.

ఆ ఎండాకాలమంతా నా తీగలన్నీ తాళ్ళే.

పానగల్లులో, గుర్రప్ప షెడ్డులో
పన్నెండు గజాల గుడ్డకి ఆ కొనాన దొరసానమ్మ,
ఈ కొనాన నేను.
మాటలు మొయ్యడానికి గుర్రప్ప మనవడు.
"పటిక నీళ్ళు అయిపోయినాయంట."
"ఇంగా ఉండాయని చెప్పు."
వాడికి రెండు పక్కలా బొరుగులు దొరికేవి.
మేము కలిస్తే నష్టం వాడికే.

తగువు ఒక జింక గురించి.
మెడ తిప్పి వెనక్కి చూసే జింక.
నేను గీసింది, నా వేళ్ళకి పుట్టింది.
అది దొరసానమ్మ గుడ్డెక్కి
తిరపతి ఎగ్జిబిషనుకి పోయి
శాలువా కప్పుకోని వచ్చింది.
సర్టిఫికెట్టులో పేరు ఆమెది.
బస్సు దిగతానే నా చేతిలో లడ్డు పెట్టింది చూడు,
అదే, ఇంగా గొంతు దిగలా.

నిజం చెప్పాలంటే,
అంటే నిద్ర పట్టని రాత్రి నాకు నేను చెప్పుకునే నిజం,
అది జింక కాదు. మేక.
పీలేరు సంతలో మా నాయన అమ్మేసిన మేక.
కొన్నోడు తాడు పట్టి లాక్కపోతా ఉంటే
ఒకే ఒక్కసారి తిరిగి చూసింది.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
ముప్పై ఏళ్ళు నా చేతిలో యాడ మేసిందో ఏమో,
ఒకనాడు గుడ్డమీద కొమ్ములు మొలిచి జింకై లేచింది.
గీస్తానని నేనా మేకని అడిగినానా?
దానికి ఏ శాలువా కప్పినాను?

ఇదంతా తెలిసీ కోపం పోలేదు.
తెలిస్తేనే పోయేదైతే
అది కోపమెట్లవతాది.

కసిం కుండలో తుప్పు మేకులూ బెల్లమూ వేసి
ఇరవై దినాలు మూత పెడతాము.
తీపికీ తుప్పుకీ లోపల ఏం జరగతాదో,
బుడగలొస్తాయి, కంపు కొడతాది,
ఆఖరికి యాడా దొరకని నలుపు దిగతాది.
ముందే తెరిస్తే ఉత్త బురదనీళ్ళు.
అయినా గుర్రప్ప రోజూ మూత తీసి చూస్తాడు,
ముసిలోడికి ఓపిక తక్కువ.

మూడో వారానికి ఇద్దరమూ నడిమికి చేరినాము.
ఆమె తీగ పైనించి దిగింది,
నాది కిందినించి ఎక్కింది.
కలవలేదు.
నడాన నాలుగు వేళ్ళ సందు.
"అడ్డంగా ఒక గీత లాగి పారెయ్యండి" అన్నాడు గుర్రప్ప.
గీతంటే గట్టు.
జానెడు గట్టు కోసం
చిత్తూరు కోర్టు మెట్లు అరగదీసినోళ్ళు
మా రెండిండ్లలోనూ ఉండారు.
ఇద్దరమూ లాగలేదు.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది.
దొరసానమ్మ ముక్కుమీది చెమట మోచేత్తో తుడుచుకోని
కలం ముంచింది.
సందులో నాలుగు కాళ్ళు, పొట్టి తోక, వీపు.
భుజం దాకా వచ్చి ఆపేసింది.
కలాన్ని నా పక్కకి తిప్పి పెట్టి
"మెడ నీది" అనింది.
ఎనిమిది నెలల్లో
పిల్లోడు మొయ్యని మొదటి మాట.

"ఎప్పుడూ నాదే" అన్నాను.
అన్నానో, అనుకున్నానో.
వేలు మాత్రం వదులైంది,
ఉన్ని కావాల్సినంతే ఇచ్చింది.
ఈసారి వెనక్కి తిప్పలేదు మెడని.
ముందుకి వంచి
నా తీగ చివరాకుని కొరికించినాను.

సర్టిఫికెట్టు ఇంగా ఆమె గోడకే ఉండాది.
దాని మాట నేనెత్తలేదు, ఆమె తియ్యలేదు.

సొర్ణముఖి ఏట్లో మోకాలి లోతు నీళ్ళు.
ఆ కొన ఆమె, ఈ కొన నేను పట్టి పిండినాము.
పిండాలంటే ఒకరు అటు తిప్పితే
ఇంగొకరు ఇటు తిప్పాల.
ఇద్దరూ ఒకే పక్కకి తిప్పితే
గుడ్డ ఉత్తనే తిరగతాది, నీళ్ళు దిగవు.

గట్టుమీద గుర్రప్ప మనవడు
ఖాళీ జేబులో చెయ్యి పెట్టుకోని
మా ఇద్దరినీ గుర్రుగా చూస్తా ఉండాడు.