హారనో, ఫ్యానో

ఓవొరొన్‌షోకి దగ్గర వంతెన మీద
పసుపు డాన్ఫోల మధ్య ఇరుక్కుపోయాం.
పరిగెత్తినంతసేపూ బుద్ధిగా ఉన్న ముల్లు
ఆగగానే ఎర్రగీత వైపు పాకింది.

"హీటర్ పెట్టు" అన్నాడు సికిరు ఫోన్లో.
ఏప్రిల్‌లో, లేగోస్‌లో, హీటర్!
పెట్టాను.
ఇంజను జ్వరం నా మోకాళ్ల మీదికి దిగింది.
వెనకసీట్లో టమాటా బుట్టతో ఇయా రిస్కత్
నన్నూ కారునూ కలిపి తిట్టింది,
తిడుతూనే విసనకర్రతో నా మెడకి విసిరింది.

"డబ్బాలో నీళ్లు?"
ఉన్నాయి.
"ఫ్యాను తిరుగుతోందా?"
బానెట్ ఎత్తాను.
రెక్కల మీద దుమ్ము కూడా కదలడం లేదు.

"రిలే పోయుంటుంది.
హారన్‌ది దానికి కవల. పీకి ఇందులో గుచ్చు.
ఇక ఇంటిదాకా హారనో, ఫ్యానో,
ఒకటే."

ఈ ఊళ్లో హారన్ లేనివాడికి నోరు లేనట్టే.
నిజంగానే కాసేపు ఆలోచించాను.

గుచ్చాను. ఫ్యాను గుర్రుమంది.
ముల్లు, తప్పు ఒప్పుకున్నట్టు, నెమ్మదిగా దిగింది.

యాబా దాకా మూగగా నడిపాను.
అడ్డొచ్చిన ప్రతివాడికీ
కిటికీలోంచి చెయ్యి ఊపుతూ.
ఇద్దరు తిరిగి ఊపారు.