పాత బెజ్జాలు

గుడ్డ మరిచిపోతుంది.
కుట్టు విప్పి, నాలుగు నీటిచుక్కలు చిలకరించి
ఇస్త్రీపెట్టె నడిపితే
సూది తగిలిన సంగతే ఎరగనట్టు పడుకుంటుంది.
తోలు అలా కాదు.
ఒక్కసారి పొడిచావా, అంతే.

ఈ మాట మా ఔరేలియోతో అంటే
"అచ్చం నీలాగే" అన్నాడు.

క్వాన్‌సెట్ పాయింట్ గేటు బయట
సముద్రపు గాలికి తలుపు నిలవని కొట్టు మాది.
యాభై రెండు, చలికాలం.
నేవీ జీపు వారానికోసారి వచ్చి
ఓ గోనెసంచి దించిపోయేది.
జిప్పు పళ్లూడినవి, మోచేతులు అరిగినవి,
గొర్రెబొచ్చు కాలరు చిమ్మటలు మేసినవి.
మేకతోలు కోట్లు. ముదురు గోధుమరంగు,
తడిస్తే దాదాపు నలుపు.
జిప్పు వెనక పట్టీ మీద నేవీ అక్షరాలు కూడా
వరసగా గుచ్చిన బెజ్జాలే.
సిరా అయితే చెరపొచ్చు,
బెజ్జాన్ని ఏం చేస్తాడు దొంగ?

ముక్కుతోనే కాలం చెప్పేదాన్ని.
పాత కోట్లలో పెట్రోలు, చుట్టపొగ.
కొత్తగా వచ్చేవాటిలో కిరోసిన్.
జెట్లు కిరోసిన్ తాగుతాయట!
సావో జార్జి దీవిలో మా అమ్మ వంటింటి బుడ్డిదీపం
ఇప్పుడు మబ్బుల మీద తిరుగుతోందన్నమాట.
కిటికీలోంచి ముందు విమానం కనబడేది,
అది దాటిపోయాక చప్పుడు వచ్చేది,
ఆలస్యంగా వచ్చి తలుపు కొట్టే చుట్టంలా.

ఒకసారి సంచిలో చిరుగే లేని కోటొకటి.
చీటీ మీద ఒక్క ముక్క: పేరు మార్చాలి.
ఎడమ రొమ్ము మీద తోలుబిళ్ల,
బంగారు రెక్కలు, కింద ఓడెగార్డ్.
బ్లేడుతో దారం తెంపాను.
బిళ్ల కింద తోలు ఎండ ఎరగని రంగులో ఉంది,
చుట్టూ చీమలబారులా బెజ్జాలు.

"చలిలో ఇది లేకుండా ఎలా ఎగిరాడు?" అన్నాను.
జీపు కుర్రాడు బూట్లు చూసుకున్నాడు.
"జెట్‌లో ఇది తొడుక్కోరమ్మా, ఇరుకు.
కింద కొరియా సముద్రం మంచుముద్ద,
అందుకని రబ్బరు సూటు.
కోటు కొక్కేనికి తగిలించి వెళ్తారు."

కొత్త బెజ్జాలు పాతవాటి పక్కనే పడితే
పోస్టుస్టాంపులా చిరిగి చేతికొస్తుంది.
అందుకే పాతదారినే నడిపాను సూదిని.
డెబ్భై నాలుగు.
కింద మూలన, నాకు ముందు కుట్టినామె ఎవరో
తడబడి రెండుసార్లు పొడిచిన చోట
నేనూ తడబడ్డాను.

మార్చిలో కొత్త పేరు తానే నడిచి వచ్చింది.
ట్రూస్ట్. ఇరవై మూడేళ్లు, ఎర్రటి చెవులు,
కోటు చేతులు పొట్టి.
మణికట్టు అల్లికలు రెండంగుళాలు పెంచుతుంటే అడిగాడు:
"ఇది ఎవరిదో తెలుసా?"
ఓడెగార్డ్ నా బొత్తాల డబ్బాలో ఉన్నాడు.
"నేవీది" అన్నాను.
నవ్వి డబ్బులిచ్చి వెళ్లాడు.

తర్వాత నైలాను కోట్ల మాట వినబడింది.
సంచి బరువు తగ్గింది.
ఔరేలియో పోయాడు, అది వేరే కథ.

యాభై ఎనిమిదిలో ట్రూస్ట్ మళ్లీ వచ్చాడు,
పొట్టతో, ఊడిన జిప్పుతో.
"కాస్త వదులు చెయ్యగలవా?"
"తోలు కదా బాబూ, నువ్వే తగ్గాలి."
స్టూలు లాక్కుని కూర్చున్నాడు.
లోపలి జేబు తిరగేసి చూపించాడు.
సిరాతో, వంకర అక్షరాల్లో: ఓడెగార్డ్.
"ఆ రోజు నాకు తెలిసే అడిగాను" అన్నాడు.
"నువ్వు చెబుతావేమోనని."

ఏం అనను? డబ్బా మూత తీసి ముందు పెట్టాను.
బొత్తాల మధ్య పదకొండు పేర్లు.
బియ్యంలో రాళ్లు ఏరేవాడిలా
వేలు పెట్టి చాలాసేపు కెలికాడు.
దొరికింది. అరచేతిలో పెట్టుకున్నాడు.
మళ్లీ లోపలే వేశాడు.

"వీటిని ఏం చేస్తావు?"
"ఏం చెయ్యను. బొత్తాం వెతికేటప్పుడు
చేతికి తగులుతుంటాయి."

జిప్పుకి ఎంత అన్నాడు.
డాలరున్నర అన్నాను.