తుప్పు ఎవరిది

దేవరకొండ ఠాణా వరండల
బల్లమీద పాత పేపరు పరిచి
జవాను తెచ్చిపెట్టిండు:
జోడునాలి, పన్నెండు బోరు,
పగిలిన మడమకు రాగితీగ చుట్టు.

"ఖాసిం భాయ్, నువ్వే చెప్పు" అన్నది ఇద్దమ్మ.
"నువ్వే చెప్పు" అన్నడు రూప్లా నాయక్.
ఇద్దరూ ఒకే మాట అన్నరంటె
ఇద్దరికీ నామీద అనుమానమే.

మా అబ్బ నేర్పిన పద్ధతి ఒకటున్నది.
మడత విప్పి, మూసి, చెవి దగ్గర పెట్టి ఊపిన.
కీలు గలగల అనలే.
గొట్టాలు విడదీసి దారానికి వేలాడగట్టి
వేలికణుపుతోని కొట్టిన.
ఇత్తడి చెంబు మోగినట్టు మోగినై, చాన సేపు.
అంటె నడుమ అతుకు ఊడలే.
జవాను గూడ రాసుడు ఆపి విన్నడు.

అన్నీ బాగుంటె ముప్పై మూడు వేలు పలికేది.
ఎడమ గుర్రం స్ప్రింగు నీరసం, పదిహేను వందలు తీసెయ్.
మడమ పగులుకు రెండు వేలు.
ఇగ గొట్టంల టార్చి కొట్టి కన్ను పెడితె
అద్దం లెక్క ఉండాల్సిన జాగల
జొన్నరొట్టె మీద మాడిన చుక్కలు.
"తుప్పుకు ఐదు వేలు" అన్న.

ఇద్దమ్మ కొంగు బొడ్ల చెక్కి ముంగటికొచ్చింది.
"మడమ కింద గీతలున్నయ్, లెక్కవెట్టు."
పదకొండు. బ్లేడుతోని గీసినయ్.
"పదకొండు పందులా?" రూప్లా కండ్లు మెరిసినయ్.
"పందులు గాదు బిడ్డా, ఎలచ్చన్లు.
సర్పంచిది, ఎమ్మెల్యేది, ఎంపీది,
ఎప్పుడొచ్చినా తెచ్చి ఈ ఠాణల జమచేసుడే.
మారిపోతదని గీత గీసేటోడు.
నూనె పట్టిచ్చి పంపితె
చెమ్మ పట్టి వచ్చేది.
ఒక్క పందిని కొట్టింది లేదు, మా ఆయనకు
సప్పుడు చేసుడే ఎరుక.
గా తుప్పు నాది గాదు, సర్కారుది.
నా ధరల ఎట్ల కోస్తవ్?"

జవాను పెన్నుకు మూతపెట్టి
కిటికీ దిక్కు చూసిండు.

తుప్పుకు తెల్వదమ్మా అది ఎవరిదో.
ఇనుముకూ తెల్వది.
గని నాకు తెల్సింది గద ఇప్పుడు,
తెల్సినంక ఐదు వేలనే మాట నోటికి రాలే.

ఇది బజార్ల పెట్టి అమ్మే సరుకు గాదు,
లైసెన్సున్నోడే కొనాలె,
ఈ చుట్టుపక్కల అటువంటోడు రూప్లా ఒక్కడే.
అది ఎరుకైనోడు పదిహేను వేలంటడు, ఆమె ఇస్తది.
మనిషి పొయ్యిన ఇంట్ల
తారీకు దాటితె అది ఉత్త ఇనుము.
డిండి దిక్కు చెల్కల పల్లి ఊడలు దిగింది,
ఆరు రాత్రులల్ల రెండెకురాలు తవ్విపోయినై పందులు.
అది ఎరుకైనామె నలభై అంటది, అతనూ ఇస్తడు.
ఆమె ఆత్రం పక్కనపెట్టిన.
అతని ఆత్రం పక్కనపెట్టిన.
మిగిలిన ఇనుమునూ కట్టెనూ చూసి
"ఇరవై ఏడు" అన్న, తుప్పుకు సగమే తీసి.

రూప్లా ఏళ్లమీద లెక్కవెట్టుకున్నడు,
లంబాడి మాటల్ల ఏందో అనుకున్నడు, తలూపిండు.
ఇద్దమ్మ తలూపలే. వద్దనీ అనలే.

"సంచి గూడ ఇస్తవా అమ్మా?"
గోడకానిచ్చి ఉన్నది ఖాకీ సంచి, పొడుగ్గ,
ఆయన పాత పాయింటు కాలు కత్తిరించి కుట్టింది,
జేబు ఇంక అట్లనే ఉన్నది, జేబుకు గుండీ.
"అది అమ్మకానికి రాలే."

నల్లగొండ నుంచి కాగితం వచ్చేదాంక
తుపాకి మళ్ల ఠాణ బీరువలకే.
జవాను ఎత్తుకపోతుంటె ఆపి
నా సీసలకెల్లి నూనె రెండు గొట్టాలల్ల పోసి
గుడ్డ ఈ కొసనుంచి ఆ కొసకు గుంజిన.
దీనికి ఎవ్వర్నీ పైసలడగలే.

ఇద్దమ్మ సంచిని నాలుగు మడతలేసి చంకల పెట్టుకున్నది.
రెండు మెట్లు దిగి ఆగింది, వెనక్కి తిరగలే.
"గీత గీసిన్రా?"
ఎవర్ని అడిగిందో.
రూప్లా జేబులు తడుముకున్నడు. బ్లేడు లేదు.
బండి తాళంచెయ్యి ఉన్నది.