మోకాళ్ళ లోతు

కుట్టడం ఇది పదకొండోసారి.
వీపు మళ్ళీ ఊడింది.
మైదా ఉడకబెట్టి చిటికెడు మైలుతుత్తం కలిపాను,
పురుగు పట్టదు.
పిల్లలు పట్టకుండా ఆపే మందు
ఏ కొట్లోనూ దొరకదు.

కోటిపల్లి రేవు దగ్గర శాఖా గ్రంథాలయం.
నాలుగు బీరువాలు, ఒక ఫ్యాను,
నాలుగు వేల పుస్తకాలకి లెక్క చెప్పాల్సిన నేను.
మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ
పెట్టిన చోటే ఉంటాయి, బుద్ధిగా.
ఇదొక్కటే ఊరు తిరిగొస్తుంది.

పేరు ‘పంటెక్కిన మేక’.
ఇరవై నాలుగు పేజీలు, పేజీకో వాక్యం.
బొమ్మలేసినాయన పేరు
మొదటి అట్టతోనే పోయింది.

కథేముంది గనక?
ఒక మేకకి అవతలి ఒడ్డు చూడాలనిపించింది.
పంటెక్కింది.
దిగబోతూ అడిగింది, ‘ఇదేనా అవతలి ఒడ్డు?’
చుట్ట కాలుస్తున్న తాత
వచ్చిన వైపే చెయ్యి చూపించాడు,
‘కాదే పిచ్చిదానా, అవతలిది అటుంది.’
మేక మళ్ళీ ఎక్కింది.
అంతే.
పొద్దుగూకేదాకా అంతే.

ఆ ‘అంతే’ దగ్గర నవ్వని పిల్లని
నేనింకా చూడలేదు.

ఎరుపు అచ్చు ఒక నూలు పక్కకి జరిగింది.
మెడలో ఉండాల్సిన పూసలు
మేక వెనకాలే గాల్లో వేలాడుతూ వస్తాయి.
‘పరిగెట్టింది కదండీ, అందుకని’
అని నాకు విడమరిచి చెప్పింది
ఓలేటి మహాలచ్చి, రెండో తరగతి.
ఇదే బల్లకి గడ్డం ఆనించి
వాళ్ళ నాన్న చెప్పిందీ అదే.

మొన్న మెర్సీ రత్నం వచ్చింది,
రొయ్యల చెరువు దగ్గర కాటా రాసే పిల్ల,
చేతులకింకా మేత వాసన.
తొమ్మిదో పేజీ తీసి మూల చూసుకుంది.
అక్కడో పంటిగాటు, దానిదే.
చంకలో ఉన్న బుడ్డోడు
ఈలోగా పదో పేజీ అందుకున్నాడు.

ఎనభై ఆరు వరదలో
నీళ్ళు కింది అరదాకా వచ్చాయట.
తడిసినవన్నీ కొబ్బరి మట్టల మీద ఆరేశారట
అప్పటి కామేశం గారు.
నిఘంటువులు ఉబ్బిపోయాయి, విడివిడిగా రాలిపోయాయి.
ఇది నిలబడి ఉంది కాబట్టి
అడుగున రెండంగుళాలే తాగింది.
ప్రతి పేజీలో ఆ మరక,
టీ రంగులో, అంచు అలలు అలలుగా,
సరిగ్గా మేక మోకాళ్ళ దగ్గర.

నాకు తెలీదు,
ఆ బొమ్మలేసినాయన నది వెయ్యలేదని.
తెల్ల కాగితమే ఆయన నీళ్ళు.
పోయినేడు జిల్లా నుంచి కొత్త ప్రతి వచ్చినప్పుడు తెలిసింది.
నున్నటి కాగితం, గట్టి అట్ట,
పూసలు కుదురుగా మెడలోనే.
మహాలచ్చి మొదట్నించీ చివరిదాకా తిప్పింది,
చూపుడువేలుతో అడుగున రాసి చూసింది.
‘ఇందులో గోదారేదండీ?’

ఏం చెప్పను?
వెయ్యలేదమ్మా, అదే వచ్చి కలిసింది,
అంటే ఆ పిల్ల ఆశ్చర్యపోదు.
ఇక్కడ గోదారి ఎవరడిగితే వచ్చింది?

కొత్తది బీరువాలో ఉంది.
ఇంకా కొత్తగానే ఉంది, పాపం.

సూది దించి ముడేశాను.
వీపుకి గుడ్డ అంటించాను, లంగా ఓణీ ముక్క,
మా అమ్మాయిది, గళ్ళది.
పైన బరువుకి, బతికి బయటపడ్డ ఒక్క నిఘంటువునీ పెట్టాను.
ఇన్నాళ్ళకి దానికీ ఓ పని.

మెట్ల మీద చెప్పులు విడిచిన చప్పుడు.
గుమ్మంలోంచి సగం మొహం.

‘ఎండిందాండీ?’

‘ఇంకా లేదే.’

‘అయితే ఎండేదాకా
నేనే చెప్తా, వినండి.
ఒక మేకకండీ...’